చెన్నై ఎండలో నీటి కప్పను ఆరోగ్యంగా పెంచడం ఎలా?

"కప్ప నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు." "ఒంటి మీద చర్మం పొరలుగా ఊడిపోతోంది." "పొట్ట బాగా ఉబ్బింది, ఏ మందు వేయాలి?" చెన్నైలో అక్వేరియం పెట్టుకున్న తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. మందు సంగతికి వెళ్లే ముందు నేను రెండు విషయాలు అడుగుతాను. మీ దగ్గరున్నది ఏ జాతి కప్ప? ఇప్పుడు ట్యాంకులో నీళ్లు ఎన్ని డిగ్రీల వేడిలో ఉన్నాయి? ఈ రెండింటికీ ఠక్కున జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఇళ్లలో కప్పలకు వచ్చే జబ్బులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

శాస్త్రం కొంచెమే చెప్తాను. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మం గుండా తీసుకుంటుంది. చేపకున్నట్టు దానికి పొలుసులు లేవు. నీళ్లలో క్లోరిన్ ఉన్నా, ఫినాయిల్ ఉన్నా, మీ చేతికున్న సబ్బు ఉన్నా అది నేరుగా ఒంట్లోకి పోతుంది. పైగా ఈ నీటి కప్పలు జీవితమంతా నీళ్లలోనే గడిపినా ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తాయి. కాబట్టి పైకి వచ్చి గాలి తీసుకునే దారి ఎప్పుడూ ఉండాలి. ఇక్కడి నుంచి పని మాటలే.

ముందు మీది ఏ కప్పో తేల్చుకోండి

కొళత్తూరు షాపుల్లో గానీ, మీ ఏరియాలో చిన్న అక్వేరియం షాపులో గానీ "వాటర్ ఫ్రాగ్" అని అమ్మేవి ఎక్కువగా రెండు రకాలు. రెండూ ఆఫ్రికావే. ఒకటి డ్వార్ఫ్ కప్ప, పూర్తిగా పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లే. రెండోది గోళ్ల కప్ప, షాపులో క్లాడ్ ఫ్రాగ్ అంటారు. దీని ఆడది పది పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పదిహేనేళ్లు దాటి కూడా బతుకుతుంది.

చిక్కు ఎక్కడంటే, గోళ్ల కప్ప పిల్ల కూడా చిన్నగానే ఉంటుంది కాబట్టి దాన్ని డ్వార్ఫ్ అనే అమ్మేస్తారు. ఫోన్‌తో ముందు కాళ్ల ఫొటో తీసి జూమ్ చేసి చూడండి. ముందు కాళ్ల వేళ్ల మధ్య కూడా పొర ఉంటే డ్వార్ఫ్. ముందు వేళ్లు విడివిడిగా ఉండి, వెనక కాళ్లకు మాత్రమే పొర, మూడు వేళ్లకు నల్లటి గోళ్లు ఉంటే గోళ్ల కప్ప. దాని కళ్లు తల పైభాగంలో ఉంటాయి, డ్వార్ఫ్‌కు పక్కలకు ఉంటాయి. తెల్లగా, లేత గులాబీ రంగులో, ఎర్రటి కళ్లతో ఉన్నదైతే దాదాపు ఎప్పుడూ గోళ్ల కప్పే.

దీనికి ఇంత పట్టు ఎందుకంటే, డ్వార్ఫ్‌కు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు సరిపోతాయి. గోళ్ల కప్ప దక్షిణాఫ్రికా చల్లటి చెరువుల జీవి, దానికి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. 24 వరకు సర్దుకుంటుంది. 26 దాటి రోజుల తరబడి ఉంటే మేత మానేస్తుంది, నిరోధక శక్తి పడిపోతుంది, మామూలుగా ఏమీ చేయని బ్యాక్టీరియా కూడా జబ్బు తెస్తుంది.

నా మాట సూటిగా చెప్తాను. రోజంతా ఏసీ నడవని ఇంట్లో, చెన్నైలో గోళ్ల కప్పను కొనకండి. అది పెరగాల్సిన ఊరు ఇది కాదు. పిల్లలు కప్ప కావాలని పట్టుబడితే డ్వార్ఫ్ కొనండి. ఇప్పటికే గోళ్ల కప్ప ఇంట్లో ఉంటే, కింద వేడి గురించి రాసిన అంచె మీకోసమే.

ఈ రెంటినీ ఒకే ట్యాంకులో మాత్రం పెట్టకండి. నోట్లో పట్టేదాన్ని దేన్నయినా గోళ్ల కప్ప మింగేస్తుంది, డ్వార్ఫ్‌ను కూడా.

కావలసినవి

- ట్యాంకు: రెండు డ్వార్ఫ్ కప్పలకు కనీసం 20 లీటర్లు, నాలుగింటికి 40 లీటర్లు. ఒక గోళ్ల కప్పకు రెండడుగుల ట్యాంకు, రెండు ఉంటే మూడడుగులది. గుండ్రటి గాజు గిన్నె వద్దు.
- ఖాళీలు లేని మూత. గాజు మూత కంటే మెష్ మూత మేలు, కారణం తర్వాత చెప్తాను.
- స్పాంజ్ ఫిల్టర్, చిన్న ఎయిర్ పంప్.
- థర్మామీటర్. అతికించే రంగు పట్టీ కాదు, నీళ్లలో మునిగేది.
- యాంటీ క్లోరిన్ చుక్కల మందు.
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే డ్రాప్ టెస్ట్ కిట్. డబ్బు ఆదా చేయాలనుకుంటే లైట్లు, బొమ్మలు మానేయండి. ఇది మాత్రం కొనండి.
- టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపేది.
- ట్యాంకుకు తప్ప ఇంకెందుకూ వాడని బకెట్, మగ్గు, సైఫన్ పైపు.
- ఒక మట్టి ప్రమిద, దాక్కోవడానికి నునుపు చేసిన సగం కుండ.

రంగురాళ్లు ఈ జాబితాలో లేవు. గోళ్ల కప్ప మేతతో పాటు చిన్న రాళ్లను మింగేస్తుంది, అవి పేగుల్లో అడ్డం పడతాయి. అడుగు ఖాళీగా వదిలేయండి. లేదంటే మెత్తటి ఇసుక, లేదంటే కప్ప తలకన్నా పెద్ద నున్నటి గులకరాళ్లు. డ్వార్ఫ్‌కు రాళ్ల సందుల్లో కాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది, దానికి ఇసుకే మంచిది.

1. ట్యాంకుకు చోటు చూడండి

కిటికీ ఎండ పడే చోటు, టీవీ పక్కన, ఫ్రిజ్ పక్కన, వంటింట్లో వద్దు. ఇంట్లో మధ్యాహ్నం అన్నిటికన్నా చల్లగా ఉండే గది ఏదో మీకు తెలుసు, అక్కడే నేలకు దగ్గరగా పెట్టండి. ఆఖరి అంతస్తు ఫ్లాట్లలో స్లాబ్ వేడి రాత్రి పొద్దుపోయే దాకా దిగుతూనే ఉంటుంది, అందుకని పై వరుస అరలు పనికిరావు.

దోమల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. లిక్విడ్ వేపరైజర్, కాయిల్, బొద్దింకల స్ప్రే వీటిలో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ మందులే. నీటి జీవులకు ఇవి బాగా విషం. ట్యాంకున్న గదిలో అవి పెట్టకండి, దోమతెర కట్టుకోండి. ఎయిర్ పంప్ గదిలోని గాలినే లాగి నీళ్లలోకి వదులుతుందని గుర్తుంచుకోండి. వీధిలో కార్పొరేషన్ వాళ్లు ఫాగింగ్ చేస్తుంటే కిటికీలు మూసి, పొగ పోయేదాకా ఎయిర్ పంప్ ఆపండి. ఫ్లాట్‌లో పెస్ట్ కంట్రోల్ చేయిస్తుంటే కప్పను మూత ఉన్న డబ్బాలో వేసి, రెండు రోజులు తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచడం క్షేమం.

2. నీళ్లు ఎక్కడివో తెలుసుకుని వాడండి

చెన్నైలో కప్ప పెంచడంలో అసలు పని ఇదే. ఇక్కడ కుళాయి నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల నీళ్లు, మన కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్లు, వీరాణం నీళ్లు, మీంజూరు, నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు, ఇవన్నీ ఊరి అవసరాన్ని బట్టి కలుస్తుంటాయి. వీటికి తోడు అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో కలుపుతారు. కాబట్టి "మాది మెట్రో వాటర్ అండీ" అంటే సరిపోదు.

టీడీఎస్ మీటర్‌తో వారానికోసారి కుళాయి నీళ్లు చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. అంకె ఒక్కసారిగా మారితే నీళ్ల మూలం మారిందని అర్థం. ఆ వారం ఎక్కువ నీళ్లు మార్చకండి, కొద్దికొద్దిగా కలపండి. గోళ్ల కప్ప గానీ డ్వార్ఫ్ గానీ కాస్త కఠిన జలాన్ని తట్టుకుంటాయి. ఉన్నట్టుండి వచ్చే మార్పే వాటికి కష్టం. పీహెచ్ 6.5 నుంచి 8 మధ్య నిలకడగా ఉంటే చాలు, దాన్ని మార్చడానికి మందులు పోయాల్సిన పని లేదు.

నీళ్లు ఇలా సిద్ధం చేయండి:

బకెట్‌లో పట్టి, యాంటీ క్లోరిన్‌ను సీసా మీద రాసిన మోతాదులో కలిపి, మూత లేకుండా రాత్రంతా ఉంచండి. మందు దొరకకపోతే ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్‌కు తగిలించే, బుడగలు వదిలే రాయి) పెట్టి 24 గంటలు ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అలా పోదు కాబట్టి మందే నమ్మకం. రాత్రంతా ఉంచడంలో ఇంకో లాభం ఉంది. మోటారు ఒత్తిడితో వచ్చే నీళ్లలో గాలి అతిగా కరిగి ఉంటుంది. అలాంటి నీళ్లు నేరుగా పోస్తే కాళ్ల పొరల్లో చిన్న చిన్న గాలి బుడగలు ఏర్పడి కప్పకు ప్రాణం మీదికి రావచ్చు. నిలవ ఉంచితే ఆ గాలి పోతుంది.

మధ్యాహ్నం కుళాయి తిప్పి వెంటనే పోయడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. తెల్లవారుజామున పట్టండి.

ఆర్‌ఓ నీళ్లు శుభ్రంగా ఉంటాయని ట్యాంకంతా వాటితోనే నింపేవాళ్లున్నారు. చేయకండి. అందులో లవణాలు దాదాపు ఉండవు. అలాంటి నీళ్లలో కప్ప ఒంట్లోని లవణాలు బయటికి పోయి శరీరం ఉబ్బే ప్రమాదం ఉంది. మీ బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే సగం సగం కలుపుకోండి.

రాగి బిందెలో నిలవ చేసిన నీళ్లు మనకు మంచివని ఇంట్లో పెద్దవాళ్లు ఉంచుతారు. కప్పకు మాత్రం రాగి విషం. ఆ నీళ్లు చుక్క కూడా వద్దు.

వరదలప్పుడు సంపులోకి డ్రైనేజీ నీళ్లు కలుస్తాయి. 2015లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడూ చాలా కాలనీల్లో ఇదే జరిగింది. అక్టోబరు వచ్చేసరికి క్లోరిన్ తీసిన నీళ్లు మూత ఉన్న డబ్బాలో రెండు మార్పులకు సరిపడా నిలవ పెట్టుకోండి. సంపు కడిగించేదాకా అవే వాడండి.

3. కప్పకంటే ముందు ఫిల్టర్‌ను సిద్ధం చేయండి

ఒకే రోజు ట్యాంకూ కప్పా కొని తెచ్చుకోవడం మామూలైపోయింది. కప్ప మలమూత్రాల నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ట్యాంకు నింపి, ఫిల్టర్ వేసి, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ ముందు పెరిగి తర్వాత సున్నాకు వస్తాయి. రెండూ సున్నాలో నిలబడి, నైట్రేట్ కనిపించిన తర్వాతే కప్పను తెండి. తెలిసినవాళ్ల దగ్గర ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ల పాత స్పాంజ్ ఒకటి అడిగి తెచ్చి మీ ట్యాంకులో వేయండి, పని చాలా త్వరగా అవుతుంది.

కప్ప ముందే ఇంటికి వచ్చేసిందా? అయితే రోజూ అమ్మోనియా చూడండి. సున్నా కాకపోతే ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి. పీహెచ్ ఎక్కువగా ఉండే బోరు నీళ్లలోనూ, వేడి నీళ్లలోనూ అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది. అంటే ఎండాకాలం చెన్నైలో అది అన్నివిధాలా చెరుపే.

ఫిల్టర్ ధార మెల్లగా ఉండాలి. ఈ కప్పలు నీటి కదలికను ఒంటితో పసిగడతాయి. గోళ్ల కప్ప పక్కల్లో కుట్టు వేసినట్టు కనిపించే గీతలు అందుకే. పెద్ద పవర్ ఫిల్టర్ రొద వాటికి పగలూ రాత్రీ టెన్షనే.

4. వేడి తగ్గించండి

మార్చి నుంచి జూన్ దాకా రోజూ మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదికి థర్మామీటర్ చూడండి. డ్వార్ఫ్‌కు 28, గోళ్ల కప్పకు 24 దాటితే ఈ వరుసలో ప్రయత్నించండి.

మొదట ఫ్యాన్. చిన్న క్లిప్ ఫ్యాన్‌ను నీటి పైభాగానికి తగిలేలా పెట్టండి. నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. గాజు మూత ఉంటే ఆవిరి బయటికి పోదు, ఫ్యాన్ పనిచేయదు. మెష్ మూత కావాలన్నది ఇందుకే. దోమల మెష్‌ను ఫ్రేమ్‌కు బిగించి నాలుగు వైపులా క్లిప్పులు పెట్టినా సరే. అయితే మూత తీసేసి ఫ్యాన్ పెట్టడం మాత్రం వద్దు. గోళ్ల కప్ప ఎగిరి బయట పడితే కొన్ని గంటల్లో ఎండిపోయి చనిపోతుంది. సోఫా కింద దొరికిన కప్పల కథలన్నీ మూత దగ్గరే మొదలవుతాయి. గాలిలో ఉక్క ఎక్కువైన రోజు ఫ్యాన్ వల్ల తగ్గేది ఒక డిగ్రీయే కావచ్చు, సముద్రం పక్క ఊరు కదా.

ఆవిరైన నీళ్లకు బదులు పోసేటప్పుడు ఆర్‌ఓ నీళ్లు పోయండి. ఆర్‌ఓ పనికొచ్చే చోటు ఇదే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా ట్యాంకులోనే మిగులుతుంది. మళ్లీ బోరు నీళ్లే పోస్తే మే నెలాఖరుకు టీడీఎస్ బాగా పెరిగిపోతుంది.

రెండోది ఐసు సీసా. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి ట్యాంకులో తేలనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గకూడదు. ఉదయం పెట్టి ఆఫీసుకు వెళ్లిపోతే మధ్యాహ్నానికి వేడి మళ్లీ ఎగబాకుతుంది. రోజూ ఈ ఎగుడుదిగుడు పెట్టడం కంటే 28 దగ్గర నిలకడగా ఉంచడమే డ్వార్ఫ్‌కు మేలు. ఐసు సీసా కరెంటు పోయిన రోజుకు అట్టిపెట్టుకోండి.

మూడోది ఏసీ గది. గోళ్ల కప్ప ఉన్నవాళ్లకు నిజంగా పనికొచ్చేవి ఇదీ, ట్యాంకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ అనే యంత్రమూ. చిల్లర్ ఖరీదైనదే. అయినా ఆ కప్ప మీ ఇంట్లో పదిహేనేళ్లు ఉండబోతోంది, లెక్క అలా వేసుకోండి. రెండూ కుదరకపోతే, ఏసీ ఉన్నవాళ్లకో, బెంగళూరులో ఉన్న బంధువులకో ఇచ్చేయడం కప్పకు మీరు చేయగల మంచి పని.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో డ్వార్ఫ్ ట్యాంకు 22కు దిగితే అప్పుడు చిన్న హీటర్ పెట్టండి. ఏడాదిలో చాలా భాగం దాని అవసరమే రాదు.

5. మంచి కప్పను ఎంచుకుని, మెల్లగా వదలండి

షాపులో కప్ప పక్కటెముకలు, నడుము ఎముకలు పైకి కనిపించకూడదు. కళ్లు తేటగా ఉండాలి. తొడల లోపలి వైపు ఎర్రగా ఉండకూడదు, వేళ్లన్నీ ఉండాలి. అదే ట్యాంకులో చచ్చిన చేపలు తేలుతుంటే ఆ షాపు నుంచి ఆ రోజు ఏమీ కొనకండి. మేత వేసి చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

ఇంటికి తెచ్చాక కవర్‌ను పావుగంట ట్యాంకు నీళ్లపై తేలనిచ్చి, అరగంట పాటు కొద్దికొద్దిగా మీ నీళ్లు కవర్లో కలిపి, కప్పను మాత్రమే వదలండి. షాపు నీళ్లు పారబోయండి. వలతో పట్టకండి, వేళ్లు చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ కప్పుతో పట్టండి. ఇంట్లో ముందే కప్పలుంటే, కొత్తది కనీసం నెల రోజులు వేరే డబ్బాలో, వేరే మగ్గుతో ఉండాలి. కైట్రిడ్ అనే చర్మపు ఫంగస్ పైకి ఏమీ కనిపించకుండానే కొత్త కప్పతో వస్తుంది.

6. మేత తక్కువగా, అడుగున పెట్టండి

డ్వార్ఫ్‌కు ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్స్ (సన్నటి ఎర్ర పురుగులు), ఆర్టిమియా (బుల్లి ఉప్పునీటి రొయ్యలు) మంచివి. కరిగించి, ఒకసారి కడిగి, డ్రాపర్‌తో ప్రమిదలో వేయండి. దానికి చూపు సరిగా ఆనదు, వాసన పట్టి వెతుక్కుంటుంది. రోజూ ఒకే చోట ప్రమిద ఉంటే కొన్నాళ్లకు అదే వచ్చి కూర్చుంటుంది. రోజు విడిచి రోజు చాలు. చురుకైన చేపలతో కలిపి పెంచితే మేతంతా అవే లాగేస్తాయి. ఆకలితో చిక్కి చనిపోయిన డ్వార్ఫ్ కప్పల్లో చాలా వాటికి యజమాని మేత వేస్తూనే ఉన్నాడు, అది కప్ప దాకా చేరలేదు అంతే.

పెద్ద గోళ్ల కప్పకు వారానికి రెండు మూడుసార్లు సరిపోతుంది. ఒకసారికి దాని తలంత పరిమాణం. మందులు కొట్టని మట్టిలో దొరికిన వానపాములు, మునిగే పెల్లెట్లు, ఉప్పూ పసుపూ తగలని పచ్చి రొయ్య ముక్క వేయవచ్చు. కప్ప ఎంత పెట్టినా తింటుంది, కడుపు నిండిందని చెప్పదు. పావుగంట తర్వాత మిగిలింది తీసేయండి.

ఎండబెట్టిన బ్లడ్‌వర్మ్స్‌ను నానబెట్టకుండా వేస్తే కడుపులో ఉబ్బుతాయి. ట్యూబిఫెక్స్ చవకగా దొరుకుతుంది, కానీ అది మురుగులో పెరిగే పురుగు, నేనైతే వాడను. గోల్డ్ ఫిష్ పిల్లల్ని మేతగా వేయడం కూడా మానండి, జబ్బులతో పాటు విటమిన్ బీ1 లోపం కూడా తెస్తాయి. మేత కోసం దోమ పిల్లల్ని బకెట్లో పెంచడమనే ఆలోచన డెంగ్యూ ఉన్న ఊళ్లో అస్సలు వద్దు.

7. వారం వారం చేయాల్సింది

పాతిక శాతం నీళ్లు మార్చండి. అడుగున పేరుకున్న మలం సైఫన్‌తో లాగేయండి. కొత్త నీళ్ల వేడి ట్యాంకు నీళ్లతో సమానంగా ఉందో లేదో థర్మామీటర్‌తో చూసే పోయండి. స్పాంజ్‌ను నెలకోసారి, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే ఇన్ని వారాలు పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్‌కు చనిపోతుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి సబ్బుతో తోమడం శుభ్రత కాదు, కప్పకు ప్రమాదం.

పని సరిగ్గా ఉందనడానికి గుర్తులు ఇవి: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 పీపీఎం లోపు, నీళ్లకు మట్టి వాసన తప్ప ఇంకే వాసనా లేదు, కప్ప మేత వేళకు కదులుతోంది.

ఇవి జబ్బులు కావు

చర్మం పలుచటి పొరగా ఊడటం, దాన్ని కప్పే తినేయడం మామూలే. రోజూ ముక్కలు ముక్కలుగా ఊడుతూ, మేత మానేసి మందకొడిగా ఉంటేనే అనుమానించాలి. నేల రంగును, వెలుగును బట్టి ఒంటి రంగు ముదరడం, పాలిపోవడం కూడా సహజం. డ్వార్ఫ్ కప్ప కాళ్లు చాపి నీళ్లపై కదలకుండా తేలుతుంటే భయపడకండి, వేలు దగ్గరకు తెస్తే చటుక్కున కిందికి పోవాలి.

మగ డ్వార్ఫ్‌కు ముందు కాళ్ల వెనక, చంక దగ్గర చిన్న తెల్లటి గడ్డలుంటాయి. అవి గ్రంథులు. కురుపులనుకుని మందు పోసి చంపుకున్నవాళ్లున్నారు. మగ గోళ్ల కప్ప ముందు కాళ్ల మీద నల్లటి మచ్చలూ అంతే, జత కట్టే కాలంలో వస్తాయి. రాత్రి వచ్చే సన్నటి గుయ్‌మనే శబ్దం మగదాని పిలుపు.

ఇవి జబ్బులే

పొట్ట ఉబ్బడం: గుడ్లతో ఉన్న ఆడ కప్పకు నడుము దగ్గర వెడల్పవుతుంది, అది చురుగ్గా తింటుంది. జబ్బు ఉబ్బు వేరు. ఒళ్లంతా, కాళ్లు, గడ్డం కింద కూడా నీరు పట్టి, మునగలేక తేలుతుంది. మేత ఆపండి, నీళ్లు పరీక్షించండి, డాక్టరుకు చూపించండి. సూదితో గుచ్చి నీరు తీసే వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి.

తొడలు, పొట్ట కింద ఎర్రబడటం: రెడ్ లెగ్ అంటారు, రక్తంలోకి బ్యాక్టీరియా చేరింది. ఒక్క రోజు కూడా ఆగకూడదు.

దూదిలాంటి తెల్లటి పీచు: గాయం మీద పట్టే ఫంగస్.

ఏదైనా సరే, మొదట కప్పను మూత ఉన్న వేరే డబ్బాలో వేయండి. నీళ్లు ఒళ్లు మునిగేంత ఉండాలి, కాళ్లు ఆనించి ముక్కు పైకి పెట్టగలిగేంత లోతే ఉండాలి. రోజూ మొత్తం మార్చండి. షాపువాళ్లు ఇచ్చే చేపల మందులు పోయకండి. రాగి, మాలకైట్ గ్రీన్ ఉన్నవి కప్పకు ప్రమాదం. ఏ సీసానైనా చేపలకు సరిపోయే మోతాదు కప్పకు సరిపోతుందని నమ్మకండి. గుప్పెడు ఉప్పు వేయమన్న సలహా కూడా పక్కన పెట్టండి.

కుక్కల్నీ పిల్లుల్నీ చూసే క్లినిక్‌లన్నిట్లో కప్పను చూడరు. ఎక్జోటిక్ పెట్స్ చూసే డాక్టరు ఎవరో ఇప్పుడే, జబ్బు రాకముందే, ఫోన్ చేసి కనుక్కోండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడా ముందుగా అడిగి వెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యాంకు నీళ్లు వేరే సీసాలో, వారం రోజుల వేడి అంకెలు, చివరిసారి ఏం తిన్నదీ రాసి తీసుకెళ్లండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

పిల్లలున్న ఇంట్లో

కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండవచ్చు. 2009, 2011 మధ్య అమెరికాలో డ్వార్ఫ్ కప్పల ద్వారా వ్యాపించిన సాల్మొనెల్లాతో జబ్బుపడిన వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే. ట్యాంకు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ముట్టుకోబోయే ముందు మాత్రం సబ్బు, శానిటైజర్ ఆనవాలు లేకుండా నీళ్లతో బాగా కడుక్కోవాలి. తీసిన నీళ్లు వంటింటి సింకులో పోయవద్దు, పూల కుండీలకు పోయండి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ ట్యాంకు పని అప్పగించకండి.

పెంచలేకపోతే వేళచ్చేరి చెరువులోనో, పళ్లికరణై చిత్తడిలోనో వదిలేయకండి. గోళ్ల కప్ప ఇలాగే కాలిఫోర్నియా, చిలీ, ఫ్రాన్స్ నీళ్లలో పాతుకుపోయింది. అది మోసుకెళ్లే ఫంగస్‌కు మన కప్పలు బలి కావచ్చు. తెచ్చిన షాపుకో, పెంచగలిగిన మనిషికో అప్పగించండి.

సంక్రాంతికి ఊరెళ్తుంటే

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోళ్ల కప్ప వారం రోజులు మేత లేకుండా ఉంటుంది. డ్వార్ఫ్ మూడు నాలుగు రోజులు ఉంటుంది. వెళ్లే ముందు రోజు నీళ్లు మార్చి, మూత క్లిప్పులు చూసుకోండి. కరిగే హాలిడే ఫుడ్ బిళ్లలు వేయకండి, నీళ్లు పాడవుతాయి. ఎక్కువ రోజులైతే పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, ఒక్కో పూట మేతను విడివిడి చిన్న కవర్లలో కట్టి, తేదీ రాసి ఫ్రీజర్లో పెట్టండి. "ఆకలిగా ఉన్నట్టుంది" అని ఇంకోటి వేయొద్దని పేపర్ మీద రాసి ట్యాంకుకు అతికించండి. కింద మీ ఫోన్ నంబరు, కరెంటు పోతే ఎయిర్ పంప్‌కు బ్యాటరీ ఎలా తగిలించాలో కూడా రాయండి.